ఇంటర్లో చదివిన ప్రమేయాలే, తమ్ముడూ!

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషలు, అంటే ప్రోగ్రామంతా లెక్కల్లోని ప్రమేయాల్లా (ఫంక్షన్లలా) రాసే భాషలు. అందుకని పీజీ అడ్వాన్సులు తిరిగివ్వని ఓనర్ల కథలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. కోడ్‌ని ఇక్కడ తెలుగులో చదివినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీటెక్. బెంగళూరులో నాలుగేళ్లు జావాలో పనిచేశాను, మంచి పేరే ఉండేది. రెండు నెలల కిందట ఇక్కడే ఒక చిన్న కంపెనీకి మారాను. గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. జీతం పెరిగింది కానీ అంతా హాస్కెల్. ఫర్ లూప్ లేదు. వేరియబుల్‌లో ఒకసారి పెట్టిన విలువ మార్చకూడదట. మొన్న మూడు అంకెలకి సగటు కట్టబోతే అర పేజీ ఎర్రర్ వచ్చింది. ఐదో తరగతి లెక్క అక్కా అది! నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు చకచకా రాసేస్తున్నారు. ప్రొబేషన్ ఇంకా నాలుగు నెలలుంది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రూమ్మేట్ "పాత కంపెనీకి ఫోన్ చెయ్యరా" అంటున్నాడు. నాకు బుర్ర తక్కువా, లేక ఈ భాషే ఇంతా?
— మారతహళ్లి నుంచి ఒక తమ్ముడు

జవాబు: ముందు ఆ సగటు సంగతి తేల్చేద్దాం. ఆ ఎర్రర్‌తో నేనూ ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

మీరు రాసింది బహుశా ఇది: "సమ్ బిల్లు / లెంగ్త్ బిల్లు". సమ్ అంటే మొత్తం, లెంగ్త్ అంటే ఎన్ని వస్తువులో ఆ లెక్క. దర్శిని హోటల్లో టిఫిన్ చేసిన లెక్కే వేద్దాం. ఇడ్లీ 40, ఖాలీ దోసె 60, కాఫీ 25. మొత్తం 125, మూడు వస్తువులు. జావాలో అన్నీ ఇంట్‌లు, అంటే పూర్ణసంఖ్యలు, పెట్టి భాగిస్తే 41 అని వస్తుంది. మిగిలిన చిల్లర ఏమైందో జావా చెప్పదు, మనమూ అడగం. హాస్కెల్ అలా ఊరుకోదు. "నో ఇన్‌స్టన్స్ ఫర్ ఫ్రాక్షనల్ ఇంట్" అని తగువు పెట్టుకుంటుంది. దాని బాధేమిటంటే, లెంగ్త్ ఇచ్చేది ఇంట్. ఆ ఏటవాలు గీత భాగహారం భిన్నాలు పట్టే రకాలకే (టైప్‌లకే) పనిచేస్తుంది. ఇంట్‌లో భిన్నం పట్టదు. చిల్లర పారేయాలో ఉంచాలో తను నిర్ణయించనంటుంది, మిమ్మల్నే చెప్పమంటుంది. "సమ్ బిల్లు / ఫ్రమ్‌ఇంటెగ్రల్ (లెంగ్త్ బిల్లు)" అని రాయండి, ఫ్రమ్‌ఇంటెగ్రల్ ఆ పూర్ణసంఖ్యని భిన్నం పట్టే రకంలోకి మారుస్తుంది, 41.67 దరిదాపుల్లో జవాబు వస్తుంది. ధరలు కూడా ఇంట్‌లే అయితే సమ్‌కీ అదే తగిలించాలి. (అసలు సిసలు బిల్లింగ్‌లో డబ్బుని డబుల్ అనే దశాంశాల రకంలో పెట్టకూడదు. అది వేరే కథ, ఇంకోసారి.)

ఇక బుర్ర సంగతి. ఆ పిల్లలు చకచకా రాస్తున్నారంటే వాళ్ల పలక ఖాళీగా ఉంది. మీ పలక మీద నాలుగేళ్ల జావా ఉంది. బెంగళూరు వచ్చిన మొదటి నెలలో మనం బస్సు మీద కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తాం చూడండి, జావా నుంచి సీ షార్ప్‌కి వెళ్లడం అలాంటిది. లిపి దగ్గరే, సగం మాటలు మనవే. హాస్కెల్ అలా రాదు. పాతికేళ్లు కుడిచేత్తో ముగ్గు వేసినావిడని ఎడమచేత్తో వేయమంటే ఎలా ఉంటుందో అలా వస్తుంది. చుక్కలన్నీ తెలుసు, చెయ్యి మాట వినదు.

నా సంగతి చెప్తాను. మాది తెనాలి. 1998లో ఈ ఊరు వచ్చాను, పన్నెండేళ్లకి పైగా సీ ప్లస్ ప్లస్ రాశాను. 2011లో ఒక ప్రాజెక్టు కోసం హాస్కెల్ నేర్చుకోక తప్పలేదు. మొదటి రోజు సాయంత్రం, పిల్లాడికి పాలు కలిపిచ్చి, ప్రాంప్ట్ దగ్గర "లెట్ ఎక్స్ = ఎక్స్ + 1" అని కొట్టాను. ఏమీ అనలేదు. సరే, ఎక్స్ ఎంత అని అడిగాను. కర్సర్ అలా కొట్టుకుంటూ ఉండిపోయింది. పాలు తాగడం అయింది, గ్లాసు కడగడం అయింది, జవాబు రాలేదు. కంట్రోల్ సీ నొక్కి బయటపడ్డాను. నా దృష్టిలో అది "ఎక్స్‌కి ఒకటి కలుపు" అని ఆజ్ఞ. దాని దృష్టిలో అది సమీకరణం. ఎక్స్ ఎంత అంటే ఎక్స్ కంటే ఒకటి ఎక్కువ. ఆ ఎక్స్ ఎంత? ఎక్స్ కంటే ఒకటి ఎక్కువ. తెల్లారేదాకా అదే పని. మనం ఇన్నాళ్లూ ఆ రెండు గీతల గుర్తుని "పెట్టు" అని చదివాం. హాస్కెల్‌లో దాన్ని బడిలో చదివినట్టు "సమానం" అనే చదవాలి.

విలువ మార్చకూడదంటే ఇంక పని ఎలా జరుగుతుందని మీ రెండో బాధ. మా నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. ఆయన చిట్టాలో రబ్బరు వాడటం నేను చూడలేదు. ఉదయం నిల్వ 212 బస్తాలు, మధ్యాహ్నం 30 బయటికి వెళ్లాయి. అప్పుడు 212 చెరిపేసి 182 రాయరు. 212 అక్కడే ఉంటుంది, దాని కింద 30 ఖర్చు, దాని కింద 182 నిల్వ. పద్దు తప్పు పడితే సరిచేస్తూ ఇంకో పద్దు రాస్తారు. రాత్రి లెక్క తేలకపోతే ఆయన వేలు పెట్టి పైనుంచి చదువుకుంటూ వచ్చేవారు, ఏ గంటకి ఎన్ని బస్తాలు ఉన్నాయో కాగితమే చెప్పేది. మీ కంపెనీ చేసేదీ గోదాము లెక్కలేగా? పాత నిల్వని చెరపకండి. పాత నిల్వ, వచ్చిన సరుకు తీసుకుని కొత్త నిల్వ ఇచ్చే ఫంక్షన్ రాయండి.

ఫంక్షన్ అంటే మన ఇళ్లలో భోజనాలు, జావాలో అయితే చిన్న పనిమనిషి. పాలు తెమ్మని పంపితే తెస్తుంది కానీ దారిలో నలుగురిని పలకరించి, ఎవరింట్లోనో లైటు ఆర్పి వస్తుంది. తీరిగ్గా డేటాబేస్‌లో ఇంకేదో మార్చినా మనకి తెలియదు. హాస్కెల్ ఫంక్షన్ అది కాదు. మీరు ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏ పుస్తకం తీస్తే మొదటి అధ్యాయమే "ప్రమేయాలు". గుర్తుందా? ప్రదేశంలో ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒకే ఒక్క మూలకం. అంతే. అదే ఇన్‌పుట్ ఇస్తే ఎప్పుడూ అదే జవాబు. సంయుక్త ప్రమేయాలని "జీ ఓ ఎఫ్" అని చదివి, ముందు ఎఫ్ చేసి తర్వాత జీ చేయాలని లెక్చరర్ చెప్పినా పరీక్షలో తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకున్నామే, హాస్కెల్‌లో చుక్క గుర్తు సరిగ్గా అదే. కుడివైపుది ముందు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి "ఫంక్షన్" అనే ఒక్క మాటే ఉంది, లెక్కల్లోనూ అదే, జావాలోనూ అదే, కలగాపులగం అవుతుంది. మీకు ప్రమేయం అనే వేరే మాట ఉంది. కోడ్ చదివేటప్పుడు మనసులో ఆ మాట అనుకోండి. నాకు తెలుగు మీడియం వల్ల ఉద్యోగంలో కలిసొచ్చిన సందర్భాలు తక్కువ, వాటిలో ఇదొకటి.

అదే పుస్తకంలో రెండో అధ్యాయం గణితానుగమనం. మీకు ఫర్ లూప్ బదులు దొరికింది అదే. చూడండి, బిల్లు మొత్తం కట్టే ప్రమేయం రెండు పంక్తులు:

మొత్తం [ ] = 0
మొత్తం (తల : తోక) = తల + మొత్తం తోక

ఖాళీ జాబితాకి మొత్తం సున్నా. ఖాళీ కాకపోతే, మొదటి వస్తువు ధరకి మిగతావాటి మొత్తం కలుపు. ఒక తెల్లకాగితం తీసుకుని చేత్తో విడదీయండి:

మొత్తం [40, 60, 25]
= 40 + మొత్తం [60, 25]
= 40 + (60 + మొత్తం [25])
= 40 + (60 + (25 + మొత్తం [ ]))
= 40 + (60 + (25 + 0))
= 125

పక్కన ఏ డబ్బాలోనూ ఏదీ మారలేదు చూశారా? ఎడమ పక్కది తీసి కుడి పక్కది పెట్టుకుంటూ పోయాం, బీజగణితంలో చేసినట్టే. ఇలా కాగితం మీద ఓ పది ప్రమేయాలు విడదీయండి: పొడవు, గరిష్ఠం, జాబితా తిరగేయడం, 50 దాటినవాటిని ఏరడం. కానీ పది అయ్యాక మానేయండి. ఇది చాలామంది చెప్పరు. ప్రతిసారీ చివరిదాకా విడదీసి చూసుకునే అలవాటు ఉండిపోతే తల తిరుగుతుంది, కొత్తవాళ్లు పారిపోయేది అక్కడే. గణితానుగమనంలో మనం ఏం చేశాం? ఒకటికి నిజమని చూపించాం. కే దాకా నిజమే అనుకుని, కే ప్లస్ ఒకటికి చూపించాం. కే దాకా ఎలా నిజమైందో మళ్లీ తవ్వలేదు. ఇక్కడా అంతే. "తోక మొత్తం సరిగ్గానే వచ్చిందనుకుందాం" అని నమ్మి, తలని దానికి ఎలా కలపాలో ఒక్కటే ఆలోచించండి. నాకు ఆ నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఆలోపు నేను రాసిన కోడ్ చూసి ఒక సీనియర్ "ఇది సీ ప్లస్ ప్లస్సే మేడమ్, యాస మారింది" అన్నాడు. కోపం వచ్చింది, నిజమే అన్నాడు.

రేపు ఆఫీసులో పనికొచ్చేవి కొన్ని. ఎర్రర్ అర పేజీ ఉన్నా చదవాల్సింది లైను నంబరు, ఆ తర్వాత "ఎక్స్‌పెక్టెడ్" అని ఒకటి, "యాక్చువల్" అని ఒకటి. మొదటిది అక్కడ ఉండాల్సిన రకం, రెండోది మీరు పెట్టిన రకం. ఈ రెండూ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుంటే సగం సార్లు తప్పు అక్కడే కనిపిస్తుంది. కోడ్ కంటే ముందు ప్రమేయం రకం రాయండి, ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది. అది రాయకపోతే కంపైలర్ (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) తనకు తోచిన రకం ఊహించుకుంటుంది, తప్పు ఒక చోట ఉంటే కేక ఇంకో చోట వినిపిస్తుంది. ఎక్కడైనా ఏం రాయాలో తోచకపోతే ఒక అండర్‌స్కోర్ పెట్టి కంపైల్ చేయండి. "ఇక్కడ ఖాళీ ఉంది, ఈ రకం వస్తువు కావాలి" అని కంపైలరే చెప్తుంది, అందుబాటులో ఉన్నవాటిలో ఏవి సరిపోవచ్చో కూడా చూపిస్తుంది. ఇంత సాయం సీ ప్లస్ ప్లస్‌లో నాకెవరూ చేయలేదు. హూగుల్ అని ఒక వెతుకులాట సైటు ఉంది, గూగుల్ కాదు, హూగుల్. అందులో పేరు తెలియకపోయినా రకం కొడితే ఫంక్షన్ దొరుకుతుంది. మధ్యలో ప్రింట్ పెట్టి చూసుకోలేకపోతున్నామని ఏడుపు వస్తే "డీబగ్ ట్రేస్" మాడ్యూల్‌లో ట్రేస్ అనేది ఉంది. పెట్టండి, చూసుకోండి, రివ్యూకి పంపే ముందు మర్చిపోకుండా తీసేయండి.

మీ లీడ్‌కి ఈ వారంలోనే చెప్పండి, "రోజుకో అరగంట నా పక్కన ఎవరైనా కూర్చుంటే త్వరగా అందుకుంటాను" అని. ప్రొబేషన్‌లో అడిగితే చులకన అయిపోతామని మనవాళ్లకి ఒక భయం. నాలుగు నెలలు అడక్కుండా కూర్చుంటే అయ్యే చులకన ఇంకా పెద్దది. పాత కంపెనీకి ఫోన్ చేయడం ఎప్పుడూ ఉంటుంది, రూమ్మేట్‌కి ఆ మాటే చెప్పండి.

అన్నట్టు, మారతహళ్లి నుంచి ఆఫీసుకి నమ్మ యాత్రి యాప్‌లో ఆటో ఎక్కుతుంటారా? దాని వెనక సర్వర్ కోడ్ హాస్కెల్‌లో రాసిందే, గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆటో దొరక్క నిలబడ్డప్పుడు చదువుకోండి.

ప్రశ్న: ఆంటీ, నేను యలహంక దగ్గర ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హాస్కెల్‌లో వచ్చే మొనాడ్ గురించి తొమ్మిది వీడియోలు చూశాను. ఒకాయన డబ్బా అన్నాడు, ఒకాయన బరిటో (మెక్సికో రొట్టె చుట్ట) అన్నాడు, ఒకావిడ బోర్డంతా బాణాలు గీసింది. పరీక్ష కోసం కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది. ఒక్క వాక్యంలో చెప్పరా? — ఒక విద్యార్థిని

జవాబు: ఒక్క వాక్యంలో చెప్తే నేను పదో వీడియో అవుతానమ్మా. ఆంటీ అన్నందుకు మాత్రం క్షమించాను.

నీకు ధైర్యం కోసం ఒక సంగతి. హాస్కెల్ కోసం కమిటీ వేయాలనుకున్నది 1987లో. మొదటి నివేదిక వచ్చింది 1990 ఏప్రిల్ 1న, ఆ తేదీ మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు. మొనాడ్‌లని ప్రోగ్రాముల అర్థం వివరించడానికి వాడొచ్చని యూజెనియో మోగ్గీ అనే శాస్త్రవేత్త 1989లో రాశారు. ఫిలిప్ వాడ్లర్ అనే ఇంకో శాస్త్రవేత్త వాటిని ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గరికి తెచ్చారు. ఇన్‌పుట్ అవుట్‌పుట్ పనులకి అధికారికంగా మొనాడ్‌లు వచ్చింది 1996లో, హాస్కెల్ 1.3తో. అంటే భాష పుట్టిన ఆరేళ్ల దాకా దాన్ని తయారుచేసిన మహానుభావులే వేరే పద్ధతులతో సర్దుకున్నారు. నువ్వు ఆరు వారాలు మొనాడ్ జోలికి పోకపోతే కొంపలేం మునగవు.

ఇప్పుడు ఒక పని చెయ్. పేరు అడిగి నమస్తే చెప్పే ప్రోగ్రాం రాయి. "నమస్తే " పక్కన రెండు ప్లస్‌లు పెట్టి గెట్‌లైన్ (టైప్ చేసిన ఒక పంక్తి చదివేది) తగిలించు. ఒప్పుకోదు. నాకు కావాల్సింది స్ట్రింగ్ (అక్షరాల వరస), నువ్విచ్చింది ఐఓ స్ట్రింగ్ (ఐఓ అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్) అంటుంది. పోలికలు చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను కానీ ఇక్కడ ఒకటి తప్పదు. పులిహోర ఎలా చేయాలో అమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం మీద ఉప్పు చల్లితే పులిహోరకి ఉప్పు పట్టదు. గెట్‌లైన్ ఆ కాగితం. నడిపినప్పుడు స్ట్రింగ్ ఇచ్చే విధానం, స్ట్రింగ్ కాదు. "చేశాక వచ్చినదాన్ని పేరు అనుకుందాం, తర్వాత దానికి ముందు నమస్తే కలిపి చూపించు" అని ఇంకో పెద్ద కాగితం రాయాలి. డూ అనే మాట కింద ఎడమవైపు బాణం గీసి రాసేది అదే. ఒక అడుగులో వచ్చినదాన్ని తర్వాతి అడుగుకి ఎలా అందించాలనేది ప్రతి రకానికీ వేరుగా ఉంటుంది. ఐఓలో "ముందు ఇది చెయ్, తర్వాత అది". విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని చెప్పే మేబీలో "ముందుది దొరక్కపోతే తర్వాతది అడగనే వద్దు". జాబితాలో "ముందు వచ్చిన ప్రతిదానికీ తర్వాతది చెయ్". ఈ మూడూ విడివిడిగా వాడి, మూడింటిలోనూ ఒకే ఆకారం ఉందే అని నీకే చిరాకేస్తుంది చూడు, ఆ ఆకారానికే ఆ పేరు. చిరాకేసే ముందు పేరు నేర్చుకుంటే తొమ్మిది వీడియోలవుతాయి.

వీడియోలే కావాలంటే వరసగా చూడదగ్గవి ఉన్నాయి. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ గార్లు చెప్పిన హాస్కెల్ కోర్సు ఎన్‌పీటెల్ అనే పాఠాల సైటులో ఉచితం. పరుగు ఉండదు, పలక మీద చెప్పినట్టు చెప్తారు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బ్యాంకులో రిటైరై, నెల్లూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. అమ్మాయికి పైథాన్‌లో మంచి ఉద్యోగం ఉంది. అయినా రోజూ రాత్రి పది దాటాక ఓకామల్ అని ఏదో పెట్టుకుని కూర్చుంటుంది, ఒక్కోసారి విసుక్కుంటుంది కూడా. అల్లుడుగారు జావా, ఆయన నవ్వుతారు. ఇది దేనికైనా పనికొస్తుందా, లేక ఆరోగ్యం పాడుచేసుకోవడమేనా? — ఒక తండ్రి

జవాబు: ఉద్యోగాల లెక్కే చూస్తే అల్లుడుగారి నవ్వులో న్యాయం ఉందండీ. జావా, పైథాన్‌లతో పోలిస్తే ఓకామల్, హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల ఉద్యోగాలు చాలా తక్కువ. ఆ కోవలోదే అయిన స్కాలా భాషకి కాస్త నయం, పెద్ద డేటా పనుల్లో వాడే స్పార్క్ అందులో రాసిందే. ఉన్న ఉద్యోగం వదిలేస్తానంటే వద్దనండి. రాత్రి పూట నేర్చుకుంటానంటే కాఫీ కలిపివ్వండి.

అయితే ఆయన మరీ పెద్దగా నవ్వకూడదు. జావాలో ఆయన రోజూ వాడే లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీమ్‌లు 2014 మార్చిలో జావా 8తో వచ్చాయి. ఆ లాంబ్డా తర్కశాస్త్రవేత్త అలోంజో చర్చ్ 1930లలో కనిపెట్టిన లెక్కల పద్ధతి నుంచి లిస్ప్ అనే పాత భాష మీదుగా, ఈ భాషల మీదుగా నడుచుకుంటూ వచ్చిందే. మీరు ఫోటోలు పంపుకునే వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్ మీద నిలబడినవి. అది 1980లలో ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన ఫంక్షనల్ భాష. ఇక ఓకామల్ 1996లో ఫ్రాన్స్‌లో ఆబ్జెక్టివ్ కామల్ అనే పేరుతో వచ్చింది. ఒకేసారి చాలా ప్రాసెసర్ కోర్‌ల మీద పనిచేయడం దానికి 2022 డిసెంబరులో విడుదలైన 5.0తోనే కుదిరింది, ఆ పనిలో ముందున్నవాళ్లలో మన మద్రాసు ఐఐటీకి చెందిన కె.సి. శివరామకృష్ణన్ గారు ఒకరు. అల్లుడుగారికి ఇది భోజనాల దగ్గర యథాలాపంగా చెప్పండి.

విసుగు సంగతికి మీరొక సాయం చేయొచ్చు. ఎక్సెల్‌లో వడ్డీ పట్టికలు కట్టి ఉంటారుగా? ఒక గడిలో ఫార్ములా, అది ఇంకో గడి మీద ఆధారపడుతుంది. ముందు ఇది లెక్కించు, తర్వాత అది లెక్కించు అని మీరెప్పుడూ చెప్పలేదు. దేనికి ఏది కావాలో అదే చూసుకుంది. మీ అమ్మాయి నేర్చుకునేది దాదాపు అదే పద్ధతి. ఒక రాత్రి పక్కన కూర్చుని "ఇక్కడ ఏది దేనికి సమానమమ్మా?" అని అడగండి. మీకు చెప్పబోయి తన తప్పు తనే పట్టుకుంటుంది. మా నాన్న మీద నేను ఈ ప్రయోగం చాలాసార్లు చేశాను. పాపం, ఆయన చివరిదాకా తలూపేవారు.

ప్రశ్న: మేడమ్, కర్రీయింగ్ అంటే ఏమిటి? మా రూమ్‌లో ఈ మాట వినిపిస్తే అందరికీ ఆకలేస్తోంది. — బీటీఎం లేఅవుట్

జవాబు: మన కర్రీ పాయింట్‌కీ దీనికీ సంబంధం లేదు. హాస్కెల్ కర్రీ అనే అమెరికా తర్కశాస్త్రవేత్త (1900–1982) ఇంటిపేరు అది, భాషకి ఆయన మొదటి పేరే పెట్టారు. రెండు అంకెలు కలిపే ఫంక్షన్‌కి ముందు ఒక్క 5 మాత్రమే ఇస్తే తిట్టదు. "దేనికైనా 5 కలిపే" కొత్త ఫంక్షన్ చేతిలో పెడుతుంది. ప్లేటు పార్సిల్‌కి 5 రూపాయలు అదనం వేసే హోటల్ ఓనర్‌కి అది చాలు, దాన్నే మ్యాప్‌కి (జాబితాలో ప్రతిదాని మీదా ఒకే పని నడిపే ఫంక్షన్‌కి) ఇచ్చి మెనూ మొత్తం మీద నడిపించేసుకుంటాడు.

ప్రశ్న: అక్కా, ఇవాళే హాస్కెల్ మొదలుపెట్టాను. గుర్తు తీసేసి విలువ ఇచ్చే ఏబీఎస్ ఫంక్షన్‌కి మైనస్ 5 ఇచ్చాను. 5 వస్తుందనుకుంటే ఏదేదో తిట్టింది. మొదటి రోజే ఇలా అయితే ఎలా? — కె.ఆర్. పురం

జవాబు: మీరు "ఏబీఎస్ -5" అని రాశారు. అది "ఏబీఎస్‌లోంచి 5 తీసెయ్" అని చదువుకుంది. ఫంక్షన్‌లోంచి అంకె ఎలా తీసేస్తామని దాని గొడవ. మైనస్ 5ని బ్రాకెట్లో పెట్టండి.